తార గొంతు

ఒడిశా జయపురంలో రైసుమిల్లుల రోడ్డు మొదట్లో ఉన్న కొట్టు దగ్గర నరేంద్ర సగం టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, జేబులోంచి రుమాలు తీయబోయాడు. చెయ్యి జేబులోనే ఉండిపోయింది. కునుకు తీస్తున్నాడేమో అనుకున్నారు పక్కవాళ్ళు. కొట్టువాడు డబ్బులకోసం భుజం తట్టేసరికి మనిషి పక్కకి ఒరిగిపోయాడు. అంతకుముందు అదే బల్ల మీద ఇంకొకడు కూర్చుని ఉండాలి. వాడెలా ఉంటాడో ఎవరూ చెప్పలేకపోయారు.

అందరూ గుండెపోటు అన్నారు. విశాఖపట్నంలో ల్యాబు వాళ్ళు గ్లాసు అడుగున మిగిలిన టీ చూసి ఆ మాట అనలేదు.

"నరేంద్ర మనవాడు," అన్నాడు కెప్టెన్ అమర్‌నాథ్. "రికార్డుల్లో ట్రాక్టర్ స్పేర్‌పార్టుల ఏజెంటు. అసలు డ్యూటీ ఒక మనిషిని దాచడం."

ఎదురుగా లెఫ్టినెంట్ కమాండర్ దొర్కా కూర్చుంది. ట్రైనింగులో నరేంద్ర ఆమెకి సీనియర్. పెన్ను అప్పు తీసుకుంటే తిరిగి ఇచ్చే అలవాటు లేని మనిషి.

"దాచిన మనిషి ఎవరు సార్?"

"కమాండర్ సూర్యం. కోడ్‌నేమ్ మావయ్య. అవతలి ఒడ్డు నేవీలో ఆఫీసరు."

సముద్రానికి ఆవల అంతర్యుద్ధంలో తగలబడుతున్న ఆ దేశాన్ని ఆఫీసులో ఎవరూ పేరుతో పిలవరు. అవతలి ఒడ్డు, అంతే.

"తాత శ్రీకాకుళం నుంచి ఓడ రేవులో బస్తాలు మొయ్యడానికి వెళ్ళాడు. మనవడు కమాండర్ అయ్యాడు. యుద్ధం మొదలయ్యాక అక్కడి సైన్యం ఆయనచేత పెద్ద నది సముద్రంలో కలిసే మొగలో నీటి మైన్లు వేయించింది. తర్వాత ఆయన పారిపోయి మన దగ్గరికి వచ్చేశాడు. మైన్ల చార్టులు సైన్యమే కాల్చేసింది. ఏ మైన్ ఎక్కడుందో ఇప్పుడు ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు."

అమర్‌నాథ్ గోడ మీది మ్యాప్‌లో నది మొగ చూపించాడు. ముట్టడిలో ఉన్న పట్టణానికి మందులు, బియ్యం తీసుకుని ఒక సహాయ నౌక బయల్దేరింది. గురువారం పగటి పోటుకి మొగలోకి వెళ్ళాలి. ఓడ బ్రిడ్జి మీది కెమెరాలో ఒడ్డు చూస్తూ, సూర్యం ఇక్కణ్ణుంచి శాటిలైట్ లింకులో దారి చెప్పాలి.

"ఆయన చెప్పేలోపు ఆయన్ని చంపాలని వాళ్ళ ప్లాను," అంది దొర్కా.

"కరెక్ట్. ఆయన ఎక్కడున్నాడో వాళ్ళకి తెలీదు. నరేంద్రని చంపితే మనం కంగారుపడి ఆయన్ని కదుపుతాం. కదిలినప్పుడు దొరుకుతాడు. ఘాట్ రోడ్ల మీద నిఘా ఉంది, విశాఖకి తేలేం. సునాబెడలో ఒక ఖాళీ క్వార్టరు సిద్ధం చేశాం."

"నరేంద్ర అక్కడ టీ తాగుతాడని వాళ్ళకెలా తెలిసింది?"

అమర్‌నాథ్ కళ్ళద్దాలు తీశాడు. "అది తెలిసిన వాళ్ళు ఒక్కరే. సూర్యం భార్య, నీలార్. నరేంద్రే ప్రాణాలకి తెగించి ఆమెని సరిహద్దు దాటించాడు. జయపురంలో ఉంచాం. సూర్యం ఏమో ఆమె పక్కన లేందే కదలనంటున్నాడు. ఆయన ఉన్నది రాయగడలో, నువ్వు రాయగడ పిల్లవి. మీ అమ్మ ఏసమ్మగారు అక్కడే నర్సుగా చేశారు కదా? నర్సు వేషం వెయ్యి."

*

నీలార్ ఒకప్పుడు అవతలి ఒడ్డు టీవీలో రాత్రి వార్తలు చదివేది. దేశమంతా ఆ ముఖాన్ని చూస్తూ అన్నం తినేదని చెప్పుకునేవారు. జయపురంలో మేడమీద గదిలో, మామూలు నేత చీర కట్టుకుని, జుట్టు ముడివేసి వెండి పిన్ను గుచ్చుకుని కూర్చున్నా, తలుపు తీసిన క్షణం దొర్కా ఒక అడుగు వెనక్కి వేసింది. అంత అందం.

"మీరు నరేంద్రగారి స్థానంలో వచ్చారా?" అంది. మొగుడి దగ్గర నేర్చుకున్న తెలుగును కూడా వార్తలు చదివినట్టే పలికింది.

"అవునండి. గురువారం మిమ్మల్ని ఆయన దగ్గరికి తీసుకెళ్తాను."

ఆమె కళ్ళు తడిశాయి. ఆ తడి నటన అనిపించలేదు దొర్కాకి. అదే ఇబ్బందిగా తోచింది.

అంతలో ఫోను మోగింది. నీలార్ ముఖం ఒక్కసారి వెలిగింది. "మా అమ్మాయి. తార. డాక్టరు చదువుతోంది. ఇంకా అక్కడే చిక్కుకుపోయింది. స్నేహితుల ఇంట్లో దాక్కుంది." స్పీకరు ఆన్ చేసింది. తమ భాషలో ఏదేదో మాట్లాడింది, నవ్వింది, కోప్పడింది. చివర అవతలి గొంతు తెలుగులో అంది: "'నాన్నా, జాగ్రత్త' అని చెప్పమ్మా."

దొర్కా మెడలోని స్టెతస్కోపు ఆ సంభాషణంతా రికార్డు చేసింది. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"అది మనిషి గొంతు కాదు," అన్నాడు అమర్‌నాథ్ ఫోన్లో. "కంప్యూటరుతో తయారుచేసింది. పాత వీడియోలు ఉంటే చాలు. ఆ అమ్మాయి ఏప్రిల్‌లోనే పోయింది దొర్కా. మెడికల్ కాలేజీ హాస్టల్ మీద బాంబు వేశారు. మనకి ఈరోజే రూఢి అయింది. కూతురు మా చేతిలో ఉంది, చెప్పినట్టు చెయ్యి అని ఆ తల్లిని ఆడిస్తున్నారు."

దొర్కా మెడలోంచి స్టెతస్కోపు తీసేసింది.

"ఆమెకి చెప్పేద్దాం సార్."

"గురువారం దాకా వద్దు. నిజం తెలిస్తే ఆమె కూలిపోతుంది, ముఠా మాయమైపోతుంది. ఓడ ఆగదు. సూర్యాన్ని టికిరిలో దించుతున్నామని ఆమెకి చెప్పు. మిగతాది మేం చూసుకుంటాం."

మర్నాడు దొర్కా వెళ్ళి చెప్పింది. "టికిరి స్టేషన్లో దిగుతాం. అక్కడి సంత వెనకాల ఇల్లు."

నీలార్ ఆమె చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది. మెట్లు దిగుతుంటే వెనక ఆ గదిలోంచి ఫోన్లో మాటలు వినిపించాయి. దొర్కా రోడ్డు మీదికొచ్చి ఒక పాన్ డబ్బా పక్కన నిలబడి, ఎండలో చాలాసేపు అలాగే ఉండిపోయింది.

*

రాయగడలో మున్సిపాలిటీ క్వార్టర్ల వరసలో చివరిది గున్నమ్మ ఇల్లు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఉద్యోగం ఆమెది. దొర్కా తెల్లకోటుతో గుమ్మంలోకి రాగానే చీపురు అడ్డంపెట్టింది.

"ఏటమ్మి, బీపీ మిషను తెచ్చేవేటి?"

"షుగరు మిషనే ఉంది."

అది కోడ్. గున్నమ్మ చీపురు తీసింది. "రా లోపలికి. మా బావ పొద్దుట్నించి మెతుకు ముట్టనేదు. నరేంద్రబాబు పోయేడని తెలిసిన కాడ్నించీ ఇదే వరస."

సూర్యం ఆమెకి దూరపు వరసలో బావ. ఆయన తాత, ఆమె నానమ్మ అన్నాచెల్లెళ్ళు. ఆ తాత ఓడెక్కినప్పుడు పట్టుకెళ్ళిన తెలుగును ఆ ఇంట్లో మూడు తరాలుగా అలాగే వాడుకున్నారు. అందుకే ఈ వీధిలో ఆయన్ని ఎవరూ అనుమానించలేదు. సొంత చుట్టమే అనుకున్నారు, నిజానికి అంతే కూడా.

ఆయన లేచి నిలబడ్డాడు. లుంగీ కట్టుకున్నా నిలబడడం మాత్రం డెక్ మీద నిలబడినట్టే. "కూకో అమ్మి. నరేంద్రబాబుకి పెళ్ళాం పిల్లలు ఉన్నారేటి?"

"తల్లి ఉన్నారు."

ఆయన తల ఊపాడు. తర్వాత, అడగకుండానే, చెప్పుకొచ్చాడు.

"అకాడమీలో నల్లోణ్ణి నానొక్కణ్ణే. కూలోళ్ళ పిల్లడని నవ్వీవోరు. నవ్వితే నవ్వనీ అని సదివేను. పడవ నా సేతిలో పెడితే సీకట్లో కూడా నేలకి తగలనిచ్చీవోణ్ణి కాదు. యూనిఫాం ఏసుకుని మొదటిసారి ఇంటికెళ్తే మా తాత నాకే సెల్యూట్ కొట్టేడు. పెళ్ళయింది, తార పుట్టింది. బతుకు బాగుండీది అమ్మి. తర్వాత యుద్ధం ఒచ్చింది. ఎవులిమీద? మా ఊరోళ్ళమీదే. మొగలో మైన్లు ఎయ్యమన్నారు. తిరుగుబాటుదార్ల ఆయుధాలు ఆపడానికి అన్నారు. ఏసేను. బియ్యం మిల్లు చిమ్నీ, తెల్ల గోపురం ఒకే గీతలో పెట్టుకుని, మా పడవలకి ఒక సన్న దారి ఒదిలి, మిగతాదంతా ఏసేను."

"తర్వాత?"

"సంతకెళ్ళీ లాంచీ ఒకటి దారి తప్పి ఒచ్చింది. ఒడ్డుమీద నిలబడి సూస్తన్నాను. కేకలేసేను. ఆళ్ళకి ఇనబడితే గదా! సెయ్యి ఊపుతున్నాననుకుని ఆళ్ళూ సెయ్యి ఊపేరు."

గున్నమ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఆ సాయంత్రమే యూనిఫాం ఇప్పేసి వొచ్చేసేను," అన్నాడు సూర్యం. "నీలారుని, తారనీ ఒదిలేసి. ఆళ్ళని తర్వాత తెచ్చుకోవచ్చు అనుకున్నాను."

*

గురువారం రాయగడ ప్లాట్‌ఫారం మీద కోరాపుట్ రైలు ఆగి ఉంది. ముఖం సగం దాకా కట్టు కట్టుకుని పేషెంటు ఒకడు కింది బెర్తు మీద పడుకున్నాడు. పక్కన నర్సు, కాళ్ళ దగ్గర గున్నమ్మ. దొర్కా పంపిన కారు నీలార్‌ని స్టేషన్ గుమ్మం దగ్గర దించింది. పెట్టెలోకి ఎక్కగానే దొర్కా ఆమె ఫోను, సంచీ తీసుకుంది. "సెక్యూరిటీ. దిగాక ఇచ్చేస్తాను."

నీలార్ ఆ మాట విననేలేదు. కట్టులోంచి కనిపిస్తున్న ఒక్క కన్నునీ చూసి మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఆయన చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకుంది. రైలు కదిలింది. సొరంగాలొచ్చినప్పుడల్లా పెట్టె చీకటైపోయేది. వెలుగొచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉండేవారు.

టికిరి దగ్గరపడుతుంటే నీలార్ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. అప్పుడు సూర్యం దొర్కాని దగ్గరికి రమ్మని సైగచేశాడు.

"అమ్మి, తార బతికి లేదు గదూ?"

దొర్కా తలుపు దగ్గరున్న నీలార్ వైపు చూసింది.

"నాకు తెలుసు. నరేంద్రబాబు తార ఫోను రికార్డు చేసి మొదటిసారి ఇనిపించినప్పుడే తెలిసింది. అందులో నాన్నా అన్నాది. టీవీవోళ్ళ ముందు నాన్నా అనీది. ఇంట్లో నన్ను ఎప్పుడూ నాయినా అనే పిలిచీది. ఒక్కసారైనా అదే పిలుపు ఒస్తాదేమోనని ఇన్నాను, ఇన్నాను. రానేదు."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఆ ఫోను ఆగిపోద్ది. ఆగిపోతే నీలారు బతకదు. ఆ ఫోన్లో ఆళ్ళు ఏటడుగుతున్నారో నాను ఆలోసించనేదు." ఆయన కన్ను మూసుకున్నాడు. "ఆలోసిస్తే నరేంద్రబాబు బతికుండును."

టికిరిలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద సంతకొచ్చిన జనం మధ్య ఖరీదైన బూట్లు వేసుకున్న మనుషులు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక చలవ కళ్ళద్దాలతో బాబి అనేవాడు. జయపురంలో మిషను సామాన్ల వ్యాపారినని చెప్పుకుంటాడు. ఇక్కడి ముఠా నాయకుడు వాడే.

నీలార్ తలుపులోంచి వెనక్కి తిరిగింది. "దిగటం లేదా?"

"లేదండి," అంది దొర్కా.

బూట్లవాడొకడు కిటికీ చువ్వల మధ్య ముక్కు దూర్చి కట్టుకట్టిన పేషెంటుని పరీక్షగా చూశాడు. గున్నమ్మ లేచింది.

"ఏటిరా సూస్తన్నావ్? రోగిష్టి మనిషిని ఎప్పుడూ సూడనేదా? నీ ఇంట్లో ఎవులూ లేరా? గాలాడనీ!" అని అరిచి, అదే తిట్టు ఒడియాలో ఇంకా గట్టిగా తిట్టి, కిటికీ రెక్క వాడి ముక్కు మీద దించింది. జనం నవ్వారు. వాడు ముక్కు పట్టుకుని వెనక్కి తగ్గేసరికి, చింతపండు అమ్ముతున్నట్టు కూర్చున్న అమర్‌నాథ్ మనుషులు ఇద్దరు బుట్టలు వదిలేసి వాడి రెండు చేతులూ పట్టుకున్నారు. బాబి పరుగెత్తబోయి అరటిగెలల బండికి గుద్దుకున్నాడు. రైలు కదిలేటప్పటికి ముగ్గురికీ బేడీలు పడ్డాయి. బాబి జేబులో ఫోను ఒకటి, దాన్లో తార గొంతు దొరికాయి.

ఇదేదీ నీలార్‌కి కనిపించలేదు. తలుపు మూసుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ముఖంలో రంగు లేదు.

*

సునాబెడ క్వార్టరులో ముందు గదినిండా వైర్లు. స్క్రీను మీద బూడిదరంగు నీళ్ళు, దూరంగా ఒడ్డు. సూర్యం కట్టు విప్పేసి హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. నీలార్‌ని వేరే గదిలో ఉంచాలని దొర్కా పట్టుబట్టింది. ఆయన ఒప్పుకోలేదు. "ఆవిడ పక్కన లేకపోతే నాకు గొంతు రాదమ్మి." దొర్కా ఆమెని ఒళ్ళంతా వెతికి, ఏమీ దొరక్క, ఆయన వెనక కుర్చీలో కూర్చోబెట్టింది.

"మావయ్య, వినిపిస్తోందా?" ఓడ కెప్టెన్ గొంతు.

"లౌడ్ అండ్ క్లియర్. పోర్ట్ టెన్. మిడ్‌షిప్స్. స్టెడీ." ఎడమకి తిప్పి, చుక్కాని సరిచేసి తిన్నగా రమ్మంటున్న ఆ గొంతు వేరు. శ్రీకాకుళం యాస లేదు, దుఃఖం లేదు. ఆర్డరు ఇచ్చే ఆఫీసరు గొంతు అది. "చిమ్నీ, గోపురం ఒకే గీతలోకి వచ్చేదాకా ఇలాగే రండి."

"గోపురం కనిపిస్తోంది. చిమ్నీ లేదు."

"సరిగా చూడండి."

"లేదు సార్. మిల్లంతా కూలిపోయి ఉంది. పోటు బలంగా ఉంది, ఆగలేం, నెట్టుకుపోతోంది. ఎటు తిప్పాలి?"

సూర్యం స్క్రీను మీదికి వంగాడు. అదే క్షణంలో నీలార్ లేచి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చెమట తుడుస్తున్నట్టు రెండో చెయ్యి ఆయన మెడ వెనక్కి వెళ్ళింది. జుట్టు ముడి విడిపోయి వీపు మీద పడింది. వెండి పిన్ను చేతిలో ఉంది. దాని కొన బోలుగా ఉందని, కొన మీద ఒక చుక్క మెరుస్తోందని దొర్కాకి అప్పుడు కనిపించింది. పిస్తోలు తీసింది.

సూర్యం వెనక్కి తిరగలేదు. దొర్కా వైపు అరచెయ్యి ఎత్తాడు. ఆగు.

"నీలా," అన్నాడు మెల్లగా, మైకు చేత్తో మూసి. "తార నన్ను ఇంట్లో ఏటని పిలిచీది?"

పిన్ను ఆగింది.

"ఆ ఫోన్లో నన్ను ఏటని పిలిచిందో నువ్వే సెప్పు. ఒక్కసారైనా నాయినా అన్నాదా?"

నీలార్ పెదవులు కదిలాయి. ఎన్ని సంభాషణలో, ఎన్ని నవ్వులో, అన్నీ ఆమె కళ్ళ ముందు తిరుగుతున్నాయి. వాటిలో ఆ ఒక్క మాటకోసం వెతుకుతోంది. దొరకలేదు.

"అయితే నేను రోజూ ఎవరితో మాట్లాడాను?" అంది.

పిన్ను గచ్చు మీద పడింది. దాంతోపాటే ఆమె కూడా. దొర్కా పిన్నుని బూటుతో దూరంగా తన్ని, ఆమెని పట్టుకుంది.

"సార్! ఎటు తిప్పాలి?" ఓడ కెప్టెన్ అరుస్తున్నాడు.

సూర్యం చెయ్యి కుర్చీ వెనక నేల మీద ఉన్న భార్యకోసం వెతికింది, అందలేదు. చెయ్యి వెనక్కి తెచ్చుకుని మైకు మీంచి తీశాడు.

"మీకు ఎడమ వైపు నీళ్ళలోంచి లాంచీ పొగగొట్టం ఒకటి పైకి కనిపించాలి. తుప్పు పట్టి ఉంటుంది."

"కనిపిస్తోంది."

"దాని పక్కనుంచే రండి. ఎంత దగ్గరగా రాగలరో అంత దగ్గరగా."

"అక్కడ మైన్ లేదని గ్యారంటీయా?"

"లేదు," అన్నాడు. "అది పేలిపోయింది."

ఓడ ఎడమకి తిరిగింది. తుప్పు గొట్టం స్క్రీనులో పెద్దదై, పెద్దదై, అంచు దాటి వెనక్కి పోయింది. కుడి వైపు నీళ్ళలో నల్లటి గుండ్రటి నీడ ఒకటి మనిషి పొడవంత దూరంలో జరిగిపోయింది. తర్వాత ఒడ్డు, ఒడ్డు మీద జనం, చేతులు ఊపుతున్న జనం.

సూర్యం అది చూడలేదు. హెడ్‌సెట్ తీసేసి నేల మీద నీలార్ పక్కన కూర్చున్నాడు.

"ఎప్పుడు?" అంది ఆమె దొర్కాని చూసి.

"ఏప్రిల్‌లో. కాలేజీ హాస్టల్ మీద బాంబు వేశారు."

నీలార్ నిటారుగా కూర్చుంది. తర్వాత, ఎక్కడా తడబడకుండా, ఆ పాత వార్తల గొంతుతో అంది: "తిరుగుబాటుదారుల స్థావరాన్ని మన వైమానిక దళం విజయవంతంగా ధ్వంసం చేసింది." ఆగి, దొర్కా మణికట్టు పట్టుకుంది. "ఆ వార్త నేనే చదివాను. చదివి ఇంటికెళ్ళి అన్నం తిన్నాను."

సూర్యం ఆమె తలను ఛాతీకి అదుముకున్నాడు. అప్పుడు ఏడ్చాడు, పెద్దగా, కూలోళ్ళ పిల్లాడిలా, సిగ్గు లేకుండా.

*

నరేంద్ర హత్యలో నీలార్ తన పాత్ర ఒప్పుకుంది. వకీలు వద్దంది. ఆమెని కోరాపుట్‌లో ఆడవాళ్ళ జైల్లో ఉంచారు. దొర్కా సెలవు పెట్టి నరేంద్ర తల్లి దగ్గరికి వెళ్ళొచ్చింది. అక్కడ ఏం మాట్లాడిందీ ఎవరికీ చెప్పలేదు.

నేవీ సూర్యానికి కృతజ్ఞతగా విశాఖపట్నంలో బీచికి ఎదురుగా, బాల్కనీ ఉన్న ఫ్లాటు ఇస్తామంది. ఆయన వద్దన్నాడు. కోరాపుట్‌లో జైలుకి నడిచి వెళ్ళగలిగేంత దగ్గర్లో ఒక గది చాలు, సముద్రం మాత్రం కనపడకూడదు అన్నాడు.

"సముద్రం కనపడని ఇల్లు కావాలని అడిగిన నేవీ ఆఫీసరు మన సర్వీసులో ఇంతవరకూ లేడు," అన్నాడు అమర్‌నాథ్, ఫైలు మూస్తూ. "ఏ రూలు కింద శాంక్షన్ చెయ్యాలో ఢిల్లీకి రాశాను. మైన్ల మధ్యనుంచి ఓడని దాటించడం సులువు దొర్కా, దీనికి కనీసం మూడు సంతకాలు కావాలట."